నేస్తంతో బేరం

బుధు ముప్పై ఏళ్లుగా తన నేస్తాన్ని పేరు పెట్టి పిలవలేదు. పేరు తెలియక కాదు. కొండమీద నేస్తం కట్టుకున్నవాళ్లు ఒకరి పేరొకరు పలకరు. ఎదురుపడితే నేస్తం, చాటున చెప్పుకున్నా నేస్తమే. ఇంట్లో పెళ్లాం పిల్లలు కూడా అదే పిలుపు పిలుస్తారు. పొరపాటున పేరు జారితే నాలుక కరుచుకుని లెంపలేసుకుంటారు. అలా కాకుండా కావాలని, మొహం మీద, పేరు పెట్టి పిలిచారా, ఇక అంతే సంగతులు. ఆ క్షణాన నేస్తం తెగిపోయినట్టే. తర్వాత మేకపోతును కోసి మొక్కుకున్నా అతకదు.

దిగువన మన స్నేహాల సంగతి మనకు తెలిసిందే. ఇవాళ భుజం మీద చెయ్యేస్తాం, రేపు ఫోనెత్తం. కొండమీద అలా కుదరదు. గట్టు తగాదా వచ్చి అన్నదమ్ములైనా విడిపోవచ్చుగానీ నేస్తాలు విడిపోకూడదు. నేస్తం దగ్గర బేరం కూడా ఉండదు. నేస్తం ధర చెప్పాడంటే అది ధర కాదు, మాట. విని తల ఊపడమే. నేస్తమన్నవాడు నీ నోటి దగ్గరిది లాక్కుని తను తినడు కదా. తింటే నేస్తమెలా అవుతాడు?

ఎంత మంచి కట్టుబాటో చూడండి. కాకపోతే ఒక్కటే చిక్కు. అది అవతలివాడికి కూడా తెలిసుండాలి.

ఆ రోజు పొద్దున్న అరకు నుంచి ఎస్.కోటకు ఘాటీ దిగుతున్న బస్సులో బుధు కిటికీ పక్కన కూర్చున్నాడు. ఒళ్లో గుడ్డసంచి. అందులో నేస్తానికి ఒక సీసాడు అడవి తేనె, కాసిన్ని మిరియాలు, కొత్త రాజ్మా గింజలు. పక్కన కూతురు గాయత్రి. ఇరవై ఐదేళ్ల పిల్ల, డ్రైవింగు నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. వాళ్లు కొనబోయే లారీని నడపబోయేది ఆమే.

"అయ్యా, మరొకపాలి సెప్తన్నాను ఇను. ఆయన ఎంత సెప్పినా ఊఁ అనీకు" అంది గాయత్రి.

"ఆయన కాదే. నేస్తం."

"సరే, నేస్తం. నేస్తం ఎంత సెప్పినా బేగి తలూపీకు. తగ్గించమని ఒక్క మాటడుగు."

"నేస్తం కాడ బేరమాడినోడు మడిసేటే? నీకు తెలీదేటి?"

"తెలుసు. అందుకే బయమేస్తంది" అని గాయత్రి మొహం అటు తిప్పుకుంది.

ఆ భయానికి కారణం ఉంది. కొంటున్న బండి బుధు ఒక్కడిదీ కాదు. ముంచింగిపుట్టు అవతల, కొండ పైన ఉన్న వాళ్ల ఊరికి కిందటేడే రోడ్డు పడింది. రోడ్డు పడిందని సంబరపడేలోపు దిగువ నుంచి జీపులవాళ్లు వచ్చారు. కాఫీ గింజలు దించాలన్నా, రాజ్మా సంతకు వెయ్యాలన్నా వాళ్లు అడిగిందే కిరాయి. పంటలో సగం వాళ్లకే పోతోందని నాలుగిళ్లవాళ్లు కూర్చుని ఆలోచించి, మనమే ఒక చిన్న లారీ కొనుక్కుందాం అనుకున్నారు. పోలయ్య రెండేళ్ల కాఫీ డబ్బు తెచ్చాడు. పోతురాజు ఎడ్ల జత అమ్మేశాడు. ఎడ్లను తోలుకుపోతుంటే అతని తల్లి గుమ్మం దాకా వచ్చి, చూడలేక లోపలికి వెళ్లిపోయింది. ఆ సొమ్ముకు తోడు మిగతాది బ్యాంకు అప్పు. అంతా బుధు చేతిలో పెట్టి, "నీకు దిగువన నేస్తం ఉన్నాడు, లారీలే అమ్ముతాడు, నువ్వెళ్లి తే" అన్నారు.

సొమ్ము తనదొక్కడిదే అయితే బుధుకి ఈ బాధ ఉండేది కాదు. నేస్తం ఎంత చెప్తే అంత ఇచ్చి, పైన తేనె కూడా ఇచ్చి వచ్చేవాడు.

మనకు ఆ అడ్డం లేదు కాబట్టి పేరు చెప్పుకుందాం. నేస్తం పేరు వరహాలరావు. ముప్పై ఏళ్ల కింద అతనికి షోరూమూ లేదు, ఏసీ గదీ లేదు. ఒక డొక్కు వ్యాను ఉండేది. ముంచింగిపుట్టు సంతకు వచ్చి చింతపండు, రాజ్మా, అడ్డాకులు కొనుక్కుని పోయేవాడు. ఒకసారి చైత్రంలో, కొండవాళ్ల ఇటుకల పండగ రోజుల్లో ఊరి ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా వాసం పెట్టి వ్యాను ఆపేశారు. పండగ డబ్బు ఇచ్చేదాకా ఏ బండినీ పోనివ్వరు. అందరూ చిల్లర విసిరేసి పోతుంటే వరహాలరావు బండి దిగి, వాళ్లతో చేతులు కలిపి దింసా ఆడాడు. అడుగు తప్పి దబ్బున పడ్డాడు కూడా. లేపింది బుధు. ఇద్దరూ నవ్వీ నవ్వీ అలిసిపోయారు. ఆ సాయంత్రమే దేవత ముందు ఒకే ఆకులో తిని, ఒకరి తువ్వాలు ఒకరు కప్పుకుని నేస్తం కట్టుకున్నారు.

పండగ మత్తులో కట్టిన ముడే అయినా అది మత్తు దిగగానే ఊడిపోలేదు. బుధుకి మెదడు జ్వరం వచ్చి తెలివి తప్పిపోతే, సరుకంతా రోడ్డు పక్కన దింపేసి వ్యానులో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోయింది వరహాలరావే. మూడు రాత్రులు మంచం దగ్గర కూర్చున్నాడు. వరహాలరావు వ్యాపారం దెబ్బతిని చేతిలో కానీ లేనప్పుడు బుధు ఒక సీజను చింతపండంతా అప్పుగా ఇచ్చి, డబ్బు సంగతి ఎత్తలేదు. అబద్ధపు నేస్తమైతే ఈ కథ చెప్పుకోనక్కర్లేదు. నిజమైనదే కాబట్టి కష్టం.

ఒక్క విషయం మాత్రం గాయత్రి చిన్నప్పటి నుంచీ చూస్తూ వచ్చింది. సంతలో మిగతావాళ్లు వరహాలరావుతో గొంతు చించుకుని కిలోకి రెండు రూపాయలు, మూడు రూపాయలు ఎక్కువ లాగేవారు. తండ్రి మాత్రం నేస్తం చెప్పగానే తల ఊపి బస్తా ఎత్తి వేసేవాడు. "మనకేల తక్కువ?" అని అడిగితే, "తక్కువేటే, నేస్తం సెప్పినాడు" అనేవాడు. అడిగిన ప్రశ్నకు అది జవాబేనని ఆయన మనసారా నమ్మేవాడు.

ఎస్.కోటలో షోరూం గుమ్మం దగ్గర బుధు చెప్పులు విడవబోయాడు. "పర్లేదండి, వేసుకునే రండి" అంది అక్కడ పనిచేసే జయశ్రీ అనే అమ్మాయి. అయినా విడిచే వెళ్లాడు. నేస్తం ఉన్నచోటికి చెప్పులతో పోవడం బుధుకి చేతకాదు.

వరహాలరావు కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి బుధుని కావలించుకున్నాడు. ఒళ్లు వచ్చింది, జుట్టు పోయింది, నవ్వు మాత్రం వ్యాను రోజులదే.

"ఏటి నేస్తం, ఎన్నాళ్లయిపోనాది! ఓలమ్మో, గుంట ఎంత ఎదిగిపోనాదో సూడు!" అని జయశ్రీ వైపు తిరిగి, "ఈడెవడనుకున్నావు? నా నేస్తం. కొండ మీద నాకు ఇల్లుందంటే ఈడి ఇల్లే" అన్నాడు.

తేనె సీసా చూసి మూత తీసి, అందరి ముందూ వేలు ముంచి చప్పరించాడు. సుగరు ఉందట, డాక్టరు వద్దన్నాడట. "నేస్తం తెచ్చింది తినకపోతే ఎలాగ?" అని మళ్లీ ముంచాడు. బుధుకి కడుపు నిండిపోయింది. చూశావా అన్నట్టు కూతురి వైపు చూశాడు.

బయట వరసగా నిలబెట్టిన బళ్లలో ఒక తెల్లదాన్ని గాయత్రి ఎంచుకుంది. డ్రైవరు సీట్లో కూర్చుని స్టీరింగు పట్టుకోగానే ఆ పిల్ల మొహం విచ్చుకుంది. ఘాటీ రోడ్డు మీద దీన్ని ఎలా తిప్పాలో అప్పుడే లెక్కలు వేసుకుంటున్నట్టు కాళ్లూ చేతులూ ఆడించి చూసింది. బండి మంచిది. అందులో ఎవరికీ అనుమానం లేదు.

లోపలికి వచ్చి కూర్చున్నాక వరహాలరావు కాగితం మీద అంకెలు వేశాడు. బండి ఖరీదు, బీమా, రిజిస్ట్రేషను, ఇంకా ఏవేవో. అడుగున గీత గీసి కాగితం బుధు వైపు తిప్పాడు.

"అన్నీ కలిపి పది లక్షల ఎనభై వేలు, నేస్తం."

బుధు తల ఊపు మొదలైపోయింది కూడా. సగంలో బల్ల కింద గాయత్రి కాలు వచ్చి కాలి మీద గట్టిగా పడింది. ఆమె ఫోను బల్ల అంచున పెట్టి తండ్రికి కనబడేలా జరిపింది. గాజువాకలో ఇంకో షోరూంవాళ్లు పంపిన ధర. అదే బండి, అదే మోడలు, బీమాతో సహా అన్నీ కలిపి పది లక్షల పది వేలు. బుధుకి చదువు అంతంతమాత్రమేగానీ అంకెలు వచ్చు. అక్కడున్న అంకెను, ఇక్కడున్న అంకెను చూశాడు. మళ్లీ చూశాడు.

డెబ్బై వేలు. పోతురాజు ఎడ్ల జత ఖరీదు ఇంచుమించు అంతే.

నేస్తం పొరబడ్డాడు, అనుకున్నాడు బుధు. అతనికి తోచిన మొదటి మాట అదే. ఎంత పని ఒత్తిడి, ఎన్ని కాగితాలు, ఎక్కడో ఒక అంకె అటుదిటు పడి ఉంటుంది. నేస్తానికి చూపిస్తే నేస్తమే దిద్దుకుంటాడు.

"లెక్క ఒకపాలి మళ్లీ సూడు, నేస్తం. ఎక్కడన్నా ఒకటి ఎక్కువ పడిపోనాదేమో."

వరహాలరావు క్యాలిక్యులేటరు తీసుకుని టకటకా కొట్టాడు. "సరిగ్గానే ఉంది నేస్తం. నీ కాడ పైసా ఎక్కువేత్తానేటి?"

ఇది వ్యాపారంలో అందరూ అనే మాటే. వరహాలరావు రోజుకు పదిసార్లు అంటాడు. విన్నవాళ్లు నవ్వేసి, "సర్లెండి, ఎంతకిస్తారో చెప్పండి" అంటారు. ఆ మాటకు అక్కడ ఉన్న విలువ అంతే. బుధు మాత్రం దాన్ని నేస్తం చెప్పిన మాటగా విన్నాడు. విని, ఫోనులో ఉన్న అంకె వంక చూసి, బెల్లం కొట్టిన రాయిలా కూర్చుండిపోయాడు.

మధ్యాహ్నం వరహాలరావు వాళ్లిద్దరినీ పక్క మెస్సుకు భోజనానికి తీసుకుపోయాడు. చేపల పులుసులో తన ముక్క తీసి బుధు ఆకులో వేశాడు. "తిను నేస్తం, పులుసు బావుంటాది" అని బతిమాలాడు. అది నటన కాదు. అది తెలుసు కాబట్టే బుధుకి ముద్ద దిగలేదు. ఇంత ప్రేమగా ముక్క వేసిన చెయ్యే ఆ అంకె ఎలా వేసిందో అతనికి అర్థం కాలేదు. మోసగాడైతే అసహ్యించుకోవచ్చు. ఈ మనిషిని ఏం చెయ్యాలి?

చేతులు కడుక్కునే చోట గాయత్రి గొంతు తగ్గించి అంది. "మొగమాటానికి పోతే ఏటవుద్దో సామెతుంది కదా అయ్యా. నేను సెప్పను, నువ్వే అనుకో."

"నేను అడగలేనే."

"పోనీ గాజువాక పోదామా?"

"నేస్తం కొట్టుండగా ఇంకొకడి కొట్టు గడప తొక్కుతామేటి?"

"మరేటి సేద్దాం? నీ సొమ్మైతే నేను నోరెత్తను. రేపు పోతురాజు బావ అడిగితే ఏటి సెప్తావు? మా నేస్తం కోసం నీ ఎడ్లు పోనాయని సెప్తావా?"

బుధు మెస్సు వెనకాల బళ్లు నిలబెట్టిన చోటుకు వెళ్లి, ఒక లారీ నీడలో గొంతుక్కూర్చున్నాడు. చుట్ట తీశాడుగానీ వెలిగించలేదు. బేరమాడితే నేస్తం తెగుతుంది. గాజువాక పోయినా తెగుతుంది, కాకపోతే ఎదుటివాడికి చెప్పకుండా చాటుగా తెంచుకున్నట్టు. తల ఊపితే నేస్తం మిగులుతుంది, నాలుగిళ్ల దగ్గర తను దొంగవుతాడు. ఎటు చూసినా ఏదో ఒకటి పోవాల్సిందే. పోయేది ఇంకొకళ్లది కాకూడదు, తనదే కావాలి. చాలాసేపు కూర్చుని ఆ ఒక్కటీ తేల్చుకున్నాడు. దొంగతనంగా తెంచుకునేకంటే ఎదురుగా నిలబడి తెంచుకోవడం నయం అనుకుని లేచాడు.

అయినా మనిషి ఆశ చావదు. మళ్లీ వరహాలరావు గదిలో కూర్చున్నాక బుధు ఇంకొక్కసారి దారి చూపించాడు.

"నేస్తం, ఇది నా ఒక్కడి సొమ్ము కాదు. నాలుగిళ్ల సొమ్ము. ఒకడు ఎడ్లమ్మాడు. నీకు సెప్పాలనిపించి సెప్తన్నాను."

ఇంతకంటే ఏం చెప్తాడు? కొండమీద నేస్తానికి ఇందులో పావు వంతు చాలు. చెవిన పడగానే కాగితం లాక్కుని చింపేస్తాడు.

"తెలుసు నేస్తం, అందుకే కదా ఏరేరి మంచి బండి ఇత్తన్నాను" అన్నాడు వరహాలరావు. "పదేళ్లు కళ్లు మూసుకుని నడుపుకోండి. సంతకం ఇక్కడెట్టు."

బుధు లేచి నిలబడ్డాడు. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. గాయత్రి తండ్రి మొహం చూసి, "అయ్యా" అంది. ఏం జరగబోతోందో ఆ పిల్లకు అప్పుడు తెలిసింది. తెలిసి, తండ్రి చెయ్యి పట్టుకుని ఆపబోయింది.

"వరహాలరావు గారూ" అన్నాడు బుధు.

ఆ పేరు అతని నోట్లో కొత్తగా, రాయిలా తగిలింది. అక్కడితో ఆగకుండా, ఆగితే మళ్లీ అనలేనని, గబగబా అనేశాడు. "ఈ బండి గాజువాకలో పది లక్షల పదికి ఇత్తన్నారండి. ఆ దరకి ఇత్తారా, మమ్మల్ని ఎల్లిపోమంటారా?"

బుధు కళ్లు మూసుకున్నాడు. ఇప్పుడు నేస్తం మొహం చూడలేననుకున్నాడు. ఏడుస్తాడేమో. కోపంతో లేచి పొమ్మంటాడేమో. పొమ్మన్నా బావుండేది.

వరహాలరావు పెద్దగా నవ్వాడు.

"శభాష్ బుధూ! ఇదిగో, ఇది కదా బేరమంటే!" అని బల్ల మీద చరిచాడు. "ముప్పై ఏళ్ల నుంచి సూత్తన్నాను, ఒక్కపాలైనా అడుగుతావేమో అని. నేనొక రేటు సెప్తాను, నువ్వొక రేటు సెప్తావు, మద్దిలో కలుత్తాం. అంతే కదా! నువ్వు నేను నోరు తెరవగానే తలూపేసేవోడివి. ఈడికి డబ్బుతో పని నేదు కాబోలు అనుకునేవోణ్ణి. అడగందే అమ్మయినా పెట్టదు, బుధూ!"

కాగితం మీద అంకె కొట్టేసి పది లక్షల ఎనిమిది వేలు అని వేశాడు. గాజువాకకంటే రెండు వేలు తక్కువే. టార్పాలిన్ ఉచితం, సీటు కవర్లు ఉచితం అని కూడా రాశాడు. నిజంగా సంతోషంగా రాశాడు. జయశ్రీని పిలిచి అందరికీ కూల్‌డ్రింకులు తెమ్మన్నాడు.

బుధు ఇంకా నిలబడే ఉన్నాడు. తన పేరు అతని నోట అంత తేలిగ్గా, రెండుసార్లు, దొర్లిపోవడం విన్నాడు. అతను దాచుకున్నదేమీ లేదు. అసలు ఏదో జరిగిందన్న సంగతే అతనికి తెలియలేదు. బుధు చేత్తో తెంచిన ముడికి అవతలి కొస ఎవరూ పట్టుకుని లేరు.

"రాజ్మా కాడ కూడానాండి?" అని అడిగాడు.

"ఏటి?"

"సంతలో. రాజ్మా కాడ, సింతపండు కాడ. అడిగితే పెంచేవోరా?"

"పెంచనా మరి? అందరికీ పెంచలేదా?" అన్నాడు వరహాలరావు, ఇదేం ప్రశ్న అన్నట్టు.

అబద్ధం ఆడలేదు, తప్పించుకోలేదు, సిగ్గు కూడా పడలేదు. దిగువ న్యాయం ప్రకారం అతను తప్పు చేసినట్టు కాదు మరి. బేరం అన్నది అక్కడ ఒక ఆట, ఆడనివాడు ఓడిపోతాడు, ఓడినందుకు గెలిచినవాడిని తిట్టడం ఎందుకు? ఆ న్యాయం మనకూ తెలుసు. మనమూ పొద్దున లేస్తే కూరగాయల దగ్గర అదే ఆట ఆడతాం. కానీ మూడు రాత్రులు ఆసుపత్రిలో మంచం దగ్గర కూర్చున్నవాడు కూడా అదే ఆట ఆడుతున్నాడని బుధుకి ఎవరు చెప్పాలి? అడిగితేనే పెడితే అది అమ్మెందుకవుతుందని అతనికి అనిపించింది. సంతకం పెట్టమన్నచోట పెట్టాడు.

బండి వారంలో ఇస్తామన్నారు. బస్టాండు దాకా వరహాలరావే కార్లో దింపాడు. బస్సు కదులుతుంటే కిటికీ దగ్గరకొచ్చి చెయ్యి ఊపాడు. "ఈయేడు ఇటుకల పండక్కి తప్పకుండా వత్తాను నేస్తం! నీ కొత్త లారీలోనే ఎక్కించుకుపోవాల!"

నేస్తం అన్నాడు. తెగిన తర్వాత కూడా అదే మాట, అదే తియ్యదనంతో. బుధు చెయ్యెత్తి దణ్ణం పెట్టాడు. బాగా తెలియని పెద్దమనుషులకు పెట్టే దణ్ణం.

ఘాటీ ఎక్కుతుంటే గాయత్రి ఏడ్చింది. బస్సులో అందరూ చూస్తున్నారని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "నేను బేరమాడమన్నాను. ఇది సెయ్యమన్లేదు అయ్యా. మనం గాజువాక పోయుండాల్సింది."

"నీ తప్పేటి నేదే గుంటా. మంచి దర వచ్చింది కదా."

"నాకు ఆ బండి వద్దు."

"అలా అనీకు. పోతురాజు ఎడ్లున్నాయి అందులో" అన్నాడు బుధు. ఆ పిల్ల తల నిమిరాడు. తనకీ ఏడవాలని ఉంది. బస్సులో ఏడుపు రాలేదు.

అరకులో బస్సు మారి, జీపెక్కి, ఊరి కింద దిగేసరికి పొద్దు గుంకుతోంది. గాయత్రి ముందు నడిచింది. బుధు ఊళ్లోకి పోకుండా గెడ్డవైపు తిరిగాడు. సొంత మనిషి పోతే కొండమీద ఇంటి గడప తొక్కే ముందు కట్టుబట్టలతో మునగాలి. నేస్తమైనా అంతే, అన్నదమ్ముడి కింద లెక్క. మునగకుండా ఇంట్లోకి పోతే ఆ మైల పిల్లలకు తగులుతుంది. చలికి గెడ్డ నీళ్లు కత్తుల్లా ఉన్నాయి. చొక్కాతో, పంచెతో, తువ్వాలుతో మూడు మునకలు వేసి, నీళ్లోడుతూ ఇంటికి నడిచాడు.

గుమ్మంలో నూకరత్నం చేటలో చోళ్లు చెరుగుతోంది. మొగుణ్ణి ఆ తడిబట్టల్లో చూడగానే చేట కింద పెట్టేసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఎవులు పోనారు?"

బుధు నోరు తెరిచాడు. నేస్తం అనడానికి ఇక వీల్లేదు. ఆ మనిషికి తన దగ్గర మిగిలింది పేరొక్కటే.

"వరహాలరావు."

నూకరత్నం కాసేపు ఆలోచించింది. ఈ ముప్పై ఏళ్లలో ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకలేదు, ఆమె ఎప్పుడూ వినలేదు. "ఎవులా వరహాలరావు? మనోళ్లేటి?"

"కాదు. దిగువోడు."

"అయ్యో పాపం. పెళ్లాం పిల్లలున్నారేటి?"

"ఉన్నారు."

"దిగువోడెవడో పోతే నువ్వేల మునిగేవు, ఈ సలిలో? జొరమొత్తే ఎవులు సూత్తారు?" అని గొణుగుతూ లోపలికి వెళ్లి, పొడి పంచె, మొగుడి దుప్పటి తెచ్చింది. గాయత్రి తల్లికి మొహం కనబడకుండా గోడవైపు తిరిగి నిలబడింది. నూకరత్నం మొగుడి తల తుడుస్తూ, రోజంతా అడగాలని దాచుకున్నది అప్పుడు అడిగింది.

"మరి నేస్తం ఎలాగున్నాడు? బాగున్నాడా?"

బుధు గడప మీద కూలబడి, ఆమె చీర పట్టుకుని, ఊరంతా వినబడేలా ఏడ్చాడు.